అలిగిన అల్లుడు గారికి

చిరంజీవి వెస్ట్రన్ కమోడ్ గారికి, నల్లగొండ నుంచి మీ మామ ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ చెయ్యి రావడం లేదు. రాత్రి రెండయింది. మీ ట్యాంకులోంచి సుయ్‌మని వస్తున్న చప్పుడుకు నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

మా ఇంటికి చాలామంది అల్లుళ్లు వచ్చారు. అందరినీ నెత్తిన పెట్టుకున్నాం. ఎక్కి కూర్చున్నది మాత్రం మిమ్మల్నొక్కరినే. అలక అందుకే అయితే ముందే చెప్పాల్సింది.

మిమ్మల్ని సోకుకు తెచ్చుకోలేదు. మా అమ్మది మర్రిగూడ దిక్కు. పుట్టిన దగ్గర్నుంచి ఫ్లోరైడ్ నీళ్లే తాగింది. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేసరికే ఆమె మోకాళ్లూ నడుమూ బిగుసుకుపోయాయి. ఇండియన్ సీటు మీద కూర్చుంటే లేవలేదు, లేపాలంటే ఇద్దరు కావాలి, మా బాత్రూంలో ఇద్దరు పట్టరు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే ఉంది. పేరైతే దేశాలు దాటింది. అమ్మ మాత్రం బాత్రూం గడప దాటలేకపోయింది.

అందుకని హైదరాబాద్ వెళ్లి పెండ్లిచూపులు చూశాం. షాపులో కుర్రాడు “ఎస్ ట్రాపా, పీ ట్రాపా సార్?” అన్నాడు. ఏది మంచిదైతే అది ఇవ్వమన్నాను. పీ ట్రాప్ మీద డిస్కౌంట్ ఉంది. అదే మంచిదని నాకు అర్థమైంది.

ఇంటికి తెచ్చాక ప్లంబర్ అట్టపెట్టె విప్పాడు. మీ వెనక భాగం చూశాడు, నేలలో ఉన్న పైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. “సార్, మీ లైను కిందికి పోతది. ఇది గోడలకు పోతది.” గోడ అవతల ఏముందో అతనికి తెలియదు. మా ఆవిడ దేవుడి గది.

మిమ్మల్ని వాపసు పంపి, ఎస్ ట్రాప్ రూపంలో మళ్లీ తెచ్చుకున్నాం. ఆటో ట్రాలీ ఖర్చు రెండుసార్లు. “గోడ నుంచి పైపు నడిమికి ఎన్ని ఇంచులున్నయో టేపు పెట్టి కొలుచుకొని పోవాలె సార్” అన్నాడతను. అల్లుణ్ని తెచ్చుకునేటప్పుడు జాతకం చూడాలని తెలుసు గానీ ఇంచులు చూడాలని మా వంశంలో ఎవరూ చెప్పలేదు.

మీ ఒక్కరికే 12,000 అయింది. స్వచ్ఛ భారత్ కింద పల్లెలో గోడలు, తలుపుతో సహా మొత్తం మరుగుదొడ్డి కట్టుకోవడానికి సర్కారు ఇచ్చింది కూడా అంతే. షాపులో నోరెత్తకుండా అది కట్టిన నేను, బిగించడానికి అతను 2,500 అడిగితే అరగంట కొట్లాడి 1,800 చేశాను. ఆ రోజు భోజనం చాలా రుచిగా అనిపించింది.

అతను వైట్ సిమెంట్ పెట్టి, “ఒక దినమంతా ఎవ్వరు కూసోవద్దు” అని చెప్పి వెళ్లాడు. రాత్రికి మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది దిగాడు. బామ్మర్దిని ఆపే మొనగాడు ఈ జిల్లాలో పుట్టలేదు. తెల్లారేసరికి మీరు ఊగుతున్నారు, మీ కాళ్ల దగ్గర నీళ్లు. నేను మాత్రం ఫోన్ చేసి ప్లంబర్‌నే తిట్టాను.

మీ పుట్టుక గురించి చదివితే ఒక సంగతి తెలిసింది. లోపల ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి కింది వాసనను పైకి రానివ్వకుండా ఆపే ఎస్ వంపు ఉంది చూశారా, 1775లో ఆ వంపున్న ఫ్లష్ టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నది అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు. గడియారాలాయన చేతి వస్తువు కదా, టైముకు పనిచేస్తారనుకున్నాను. కానీ మీ టైము వేరు, ప్లంబర్ టైము వేరు. పోయిన దసరా ముందు ట్యాంకు కారడం మొదలైనప్పుడు “దారిల ఉన్న సార్” అన్నాడు. అతను గడియారం సెంటర్ నుంచి మా ఇంటికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పానగల్లు మీదుగా వచ్చినా, దేవరకొండ మీదుగా వచ్చినా అంత పట్టదు.

ఆ నాలుగు రోజులూ నేనే డాక్టర్ని. బట్టలకేసే నీలం నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ నొక్కకుండా పావుగంట ఆగాను. కింద గిన్నెలోకి నీలం దిగింది. ట్యాంకులోకి నీళ్లు వదిలే కుళాయి, అదే యాంగిల్ కాక్, మూసి చూస్తే, పది లీటర్ల ట్యాంకు అరగంటలో ఖాళీ. అంటే రోజుకు 480 లీటర్లు. మా అమ్మ చిన్నప్పుడు బిందె మంచినీళ్ల కోసం పక్క ఊరికి నడిచిందట. ఈ లెక్క ఆమెకు చెప్పలేదు.

ఆఖరికి అతను వచ్చాడు. మూత తీసి, లోపలి వాల్వు తిప్పి బయటకు లాగి, అడుగున ఉన్న రబ్బరు వాషర్ చూపించాడు. తెల్లగా సున్నం పేరుకుని గట్టిపడిపోయింది. “తాగేటందుకు కృష్ణ నీళ్లు, దీనికేమో బోరు ఉప్పునీళ్లు. ఇట్లనే అయితది సార్. ఆరు నెలలకోపాలి తీసి కడగాలె. ఆసిడ్ మాత్రం పొయ్యకుండ్రి, రబ్బరు ఖరాబైతది.” కొత్త వాషర్ 40 రూపాయలు. పని పది నిమిషాలు. 300 అడిగాడు. పది నిమిషాలకు మూడొందలా అన్నాను. 250 ఇచ్చాను.

మా ఆవిడ చాయ్ తెచ్చింది. ఇంట్లో స్టీలు గ్లాసులు పన్నెండున్నాయి. అతనికిచ్చింది పేపర్ కప్పు. అది నాకు తప్పుగా ఏమీ తోచలేదు. మేమెప్పుడూ అలాగే ఇస్తాం. మెట్ల మీద కూర్చుని తాగి, “కప్పు ఎక్కడ వెయ్యాలె అమ్మా?” అని అడిగి మరీ, గేటు బయట డబ్బాలో వేసి వెళ్లాడు. అలిగే హక్కు ఆ ఇంట్లో ఎవరికైనా ఉంటే అతనికే ఉండాలి, అల్లుడు గారూ. అలిగింది మీరు.

ఆరు నెలలు ఎప్పుడో దాటాయి. కడగలేదు. మళ్లీ సుయ్. ఇవాళ పొద్దుటి నుంచి అతనికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే కాస్త మర్యాదగా పేరు పెట్టి పిలుద్దామని చూస్తే, నా ఫోన్లో ‘ప్లంబర్ 2’ అని ఉంది. పేరు ఎప్పుడూ అడగలేదు.

నా నంబరు అతని ఫోన్లో ఏ పేరుతో ఉందో!

ఇట్లు,
మీ మామ

తా.క. యాంగిల్ కాక్ మూసేశాను. అమ్మ లేచే వేళకు బకెట్లో నీళ్లు నింపి పెట్టాను.