పట్టుచీర శుభ్రపడుతోంది సరే, దాన్ని ఉతికే మనిషి ఊపిరి మాటేమిటి?

శ్రావణమాసం వ్రతాలు, పెళ్లిళ్లు ముగిశాయంటే విజయవాడలో ఏ డ్రై క్లీనింగ్ దుకాణానికి వెళ్లినా బల్ల మీద పట్టుచీరల గుట్టలే కనిపిస్తాయి. ఎప్పుడిస్తారని అడుగుతాము, మరక పోతుందా అని అడుగుతాము, జరీ నల్లబడితే ఊరుకోమని ముందే హెచ్చరిస్తాము. ఆ చీరను దేనితో శుభ్రం చేస్తారని మాత్రం ఎవరమూ అడగము. ఆ ప్రశ్న అడిగి తీరాలన్నదే ఈ పోస్టులో నా వాదన.

మన దేశంలో ఈ పనికి ప్రధానంగా వాడేవి రెండు. ఒకటి పెట్రోలియం నుంచి వచ్చే మినరల్ టర్పెంటైన్ ఆయిల్, దుకాణాలవారి మాటలో ఎంటీవో. దానితో ఎప్పుడూ నిప్పు భయమే. రెండవది పర్‌క్లోరోఇథిలీన్, అందరూ పర్క్ అంటారు. అది మండదు, జిడ్డును ఇట్టే కరిగిస్తుంది, పట్టును ముడుచుకుపోనివ్వదు. దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా అది చలామణి కావడానికి కారణం ఈ గుణాలే. అయితే దాని ఆవిరిని పీల్చినవారికి తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి, ఏళ్ల తరబడి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే పదార్థాల జాబితా అయిన 2ఎ వర్గంలో చేర్చింది. ఇది నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువైనది కాబట్టి నేలమీద ఒలికితే మట్టిలోంచి దిగి, భూగర్భజలాల అడుగుకు చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2007లో నిబంధన తెచ్చి, 2023 జనవరి 1 నాటికి డ్రై క్లీనింగ్‌లో దీని వాడకానికి స్వస్తి పలికింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పదేళ్లలో దేశమంతటా డ్రై క్లీనింగ్ నుంచి దీనిని తొలగించాలని 2024 డిసెంబరులో నిబంధన వెలువరించింది.

మన వన్‌టౌన్‌లో ఒక దుకాణం వెనుక గదిని నేను చూశాను. వీధి దుమ్ము ఉతికిన చీరల మీద పడుతుందని కిటికీ మూసేశారు. ఒక కుర్రవాడు ప్లాస్టిక్ తొట్టిలో బ్రష్షు ముంచి షేర్వాణీ మెడపట్టీని రుద్దుతున్నాడు, చేతులకు గ్లవుజులు లేవు. బట్టలోని జిడ్డును లాగే ద్రావకం చేతి చర్మంలోని నూనెను మాత్రం ఎందుకు వదులుతుంది? అతని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. గుమ్మంలో అయిదు నిమిషాలు నిలబడేసరికి నాకు తల బరువెక్కింది. అతని పని మాత్రం రాత్రి దుకాణం మూసేవరకూ అక్కడే.

ఈ ద్రావకాలకు ప్రత్యామ్నాయం లేకపోతే వేరే మాట. కానీ ఉంది. అది మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడే, బడిలో మనం చదువుకున్న బొగ్గుపులుసు వాయువు. మామూలు వాతావరణ పీడనంలో ఇది ద్రవంగా ఉండదు, గడ్డకట్టిన ముక్క సైతం కరగకుండా నేరుగా వాయువైపోతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర వాతావరణ పీడనానికి సుమారు 50, 60 రెట్లు ఒత్తిడి పెట్టినప్పుడే ద్రవంగా నిలుస్తుంది. మందపాటి ఉక్కు గదిలో బట్టలు వేసి, తలుపు బిగించి, లోపలి గాలిని తీసేసి ఈ ద్రవాన్ని పంపుతారు. నీటికంటే ఎంతో పలచన కాబట్టి అది పోగుకూ పోగుకూ మధ్య సులువుగా దూరి జిడ్డును లాగుతుంది. పని పూర్తయ్యాక ఒత్తిడి తగ్గిస్తే బట్టలో మిగిలినదంతా వాయువై వెళ్లిపోతుంది. ఆ వాయువును తిరిగి పట్టి, చల్లబరచి, మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటారు, మురికి అడుగున మిగులుతుంది. వేడిగాలితో ఆరబెట్టే పని లేదు కాబట్టి బట్ట పొడిగా, చల్లగా, ఏ వాసనా లేకుండా బయటికి వస్తుంది.

ఉత్త వాయువుకు అన్ని రకాల మురికినీ వదిలించే శక్తి లేదు. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ డిసిమోన్ బృందం ద్రవ కార్బన్ డయాక్సైడ్‌లో పనిచేసే సబ్బు వంటి పదార్థాలను రూపొందించిన తరువాతే ఈ దారి తెరుచుకుంది. ఆ కృషికి 1997లో ఆయనకు అమెరికా అధ్యక్షుని హరిత రసాయన పురస్కారం దక్కింది. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడానికీ, మన గుంటూరు యార్డుకు వచ్చే మిర్చి వంటి పంటల నుంచి రంగును, ఘాటును లాగడానికీ అధిక పీడనంలో ఇదే వాయువును వాడే పరిశ్రమలు ఉన్నాయి. వాతావరణాన్ని వేడెక్కించే వాయువు కదా అని కొందరు అడుగుతారు. ఎరువుల కర్మాగారాల్లోనూ ఇథనాల్ కర్మాగారాల్లోనూ ఎలాగూ వెలువడే వాయువును పట్టి శుద్ధి చేసి వాడుతున్నప్పుడు, దీనికోసం కొత్తగా పుట్టిస్తున్నదేమీ లేదు.

అసలు చిక్కు మన ఎండతో ఉంది. 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా ఈ వాయువు ద్రవంగా మారదు. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో ఈ యంత్రానికి శీతలీకరణ తప్పనిసరి, అందుకు కరెంటు ఖర్చు అదనం. యంత్రం ధర కూడా మామూలు యంత్రాల కన్నా చాలా ఎక్కువ. అంత పీడనంలో పనిచేసే పాత్రలకు, నిల్వ ట్యాంకులకు భద్రతా నిబంధనలున్నాయి, అనుమతులు కావాలి. లీకైతే గాలికంటే బరువైన ఈ వాయువు గది అడుగున పేరుకుని ఊపిరాడనివ్వదు కాబట్టి పసిగట్టే పరికరాలు కూడా ఉండాలి. ఇవన్నీ గవర్నరుపేట సందులోని ఒక చిన్న దుకాణం భరించగలిగినవి కావు, దాన్ని భరించమనడం న్యాయమూ కాదు.

అందుకే ప్రతి దుకాణంలోనూ ఒక యంత్రం పెట్టమని నేను అనడం లేదు. ఇప్పటికే చాలా దుకాణాలు బట్టలు తీసుకుని వేరేచోట ఉతికించి తెచ్చి ఇచ్చే కౌంటర్లే. ఆటోనగర్‌లో అందరికీ కలిపి ఒక్క ఉమ్మడి కేంద్రం పెడితే విజయవాడ, గుంటూరు, మంగళగిరి దుకాణాలన్నీ అక్కడికే పంపుకోవచ్చు. సీవోటూ వెల్డింగ్ చేసే ఆటోనగర్‌కు ఈ వాయువు సిలిండర్లు కొత్తవి కావు. చిన్న పరిశ్రమల సమూహాల ఉమ్మడి సౌకర్యాలకు సాయం చేసే పథకం కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. ఈ వృత్తికి కూడా అది వర్తించేలా చూడమని దుకాణదారులు, ప్రజాప్రతినిధులు కలిసి అడగాలి.

అన్ని బట్టలకూ ఇది అక్కర్లేదు. మంగళగిరి నూలుచీరకు సబ్బునీళ్లు చాలు. పులుసు, పానకం, చెమట ఉప్పు వంటి నీటి మరకలను ముందుగా చేత్తో తీయవలసిందే, అసిటేట్ వంటి కొన్ని కృత్రిమ వస్త్రాలకు ఇది పనికిరాకపోవచ్చు. పట్టు, ఉన్ని, తోలు, పూసల పని ఉన్న దుస్తులకే దీని అవసరం. ఖర్చు కొంత పెరిగితే పెరగనివ్వండి. పెళ్లిచీరకు వేలకు వేలు పోసిన మనమే ఆ తేడాను భరించాలి కానీ, ఆ కుర్రవాడి ఊపిరితిత్తుల మీద రుద్దకూడదు. ఆ కేంద్రం వచ్చేవరకూ దుకాణదారులు చేయగలిగినది కూడా ఉంది. వెనుక గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, ద్రావకానికి తట్టుకునే గ్లవుజులు, మూత గట్టిగా పట్టే డబ్బాలు చాలు. వీటికి ఏ విదేశీ యంత్రమూ అక్కర్లేదు, ఈ వారమే పెట్టించవచ్చు.