నేల చల్లదనం అన్ని ఊళ్లలో ఒకటి కాదు
భూమి లోపల ఏడాదంతా ఒకే ఉష్ణోగ్రత ఉంటుంది కాబట్టి నేల హీట్ పంపు (బోర్లలో దించిన గొట్టాల్లో నీటిని తిప్పి, నేలతో వేడిని ఇచ్చిపుచ్చుకుంటూ గదులను వెచ్చబరిచే లేదా చల్లబరిచే యంత్రం) ఎక్కడ పెట్టినా ఒకేలా పనిచేస్తుందని ఒక వ్యాసంలో రాశారు. మొదటి మాట నిజమే, రెండోది కాదు. పది మీటర్ల కింద ఉండేది దాదాపు ఆ ఊరి వార్షిక సగటు: స్టాక్‌హోమ్‌లో 7-8 డిగ్రీలు, హైదరాబాద్‌లో 27 దాకా. స్వీడన్‌లో చలికాలమంతా వేడిని తోడుకుంటారు. మనకేమో పనంతా చల్లబరచడమే. గదుల్లోంచి లాగిన వేడికి కంప్రెసర్ తాగిన కరెంటు కూడా వేడిగా తోడై నేలలోకి దిగుతుంది. తిరిగి తోడే కాలం లేదు. బోర్లు దగ్గరగా వేస్తే ఏటేటా నేల వేడెక్కుతుంది. నేలలోంచి తిరిగొచ్చే నీరు 40 డిగ్రీలకు చేరాక మామూలు ఏసీకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. బోర్ల మధ్య కనీసం 6 మీటర్ల ఎడం ఉంచాలి, కొంత వేడిని స్నానాల నీళ్లకు మళ్లించాలి, చాలకపోతే వేడిని గాలిలోకి వదిలే చిన్న కూలింగ్ టవర్ తగిలించాలి. ఇంకొకటి, ఎక్కువమంది మరిచిపోయేది: స్వీడన్ రాతి బోర్లలో గొట్టం చుట్టూ భూగర్భజలమే నిండి ఉంటుంది. మన గ్రానైట్‌లో ఎండాకాలం నీటిమట్టం పడిపోతే గొట్టం పైభాగం గాలిలో వేలాడుతుంది, అక్కడ వేడి రాయిలోకి దాదాపు పోదు. అందుకే బెంటొనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి), ఇసుక కలిపిన గ్రౌట్‌ను, అంటే సందులు పూడ్చే ముద్దను, అడుగు నుంచి పైకి పంపు చేసి నింపాలి. పైనుంచి పోస్తే మధ్యలో గాలి సందులు మిగిలిపోతాయి.