మూలాలతో పాటు రిపోర్టు చదవడమూ నేర్పాలి

వైద్య పదాల్లో కనిపించే హైపర్ (ఎక్కువ), హైపో (తక్కువ), ఐటిస్ (వాపు), ఎక్టమీ (తొలగింపు) వంటి గ్రీకు మూలాలను వివరించిన వ్యాసం ఒకటి చదివాను, అది ఎంతో ఉపయోగకరంగా ఉంది. అపెండిసైటిస్ అంటే అపెండిక్స్ వాపు అనీ, అపెండిసెక్టమీ అంటే దాన్ని తొలగించే ఆపరేషన్ అనీ తెలిసినవారికి టాన్సిలైటిస్, టాన్సిలెక్టమీ విడిగా నేర్చుకోవలసిన పని ఉండదు. అయితే ల్యాబ్ రిపోర్టులో ఈ మూలాలను ఎలా అన్వయించుకోవాలో కూడా వ్యాసకర్త చెప్పి ఉండవలసింది.

థైరాయిడ్ పరీక్షనే తీసుకోండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్) ఎక్కువగా ఉందని చూడగానే చాలామంది హైపర్ థైరాయిడ్ అనుకొని కంగారుపడతారు. నిజానికి ఆ హార్మోన్ థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని విడుదల చేసి థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. థైరాయిడ్ మందగించిన కొద్దీ పిట్యూటరీ ఆ హార్మోన్‌ను మరింత ఎక్కువగా పంపుతుంది కనుక, టీఎస్‌హెచ్ పెరిగి థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ తగ్గి ఉంటే అది సాధారణంగా హైపోథైరాయిడిజమే. అలాగే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గత 2, 3 నెలల రక్తంలోని చక్కెర సగటును చూపుతుంది కాబట్టి, పరీక్షకు ముందు రెండు రోజులు తీపి మానేసినా ఫలితం పెద్దగా మారదు.

మందుల చీటీలోని గుర్తులు ఇంకా ముఖ్యం. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఎస్‌ఓఎస్ అని రాసిన నొప్పి మాత్రను మన ఇళ్లలో పెద్దవాళ్లు రోజూ వేసుకోవడం నన్ను నిజంగా కలవరపెడుతుంది, ఎందుకంటే వాటిలో చాలా రకాలు దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తదుపరి భాగంలో ఈ గుర్తులకు తప్పక చోటివ్వాలని వ్యాసకర్తను కోరుతున్నాను.