సవరణ: మొదటి సెషన్ గురించి నేను రాసిన మాట

థెరపీ వల్ల కలిగే మేలు గురించి రాసిన పోస్టులో, "మొదటి సెషన్‌కే మనసు తేలికపడకపోతే ఆ థెరపిస్టు మీకు సరిపడరు" అన్నాను. అది తప్పు. మొదటిసారి ఎక్కువగా మన ఇబ్బందేమిటో అడిగి తెలుసుకోవడమే జరుగుతుంది. ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే సీబీటీ అనే థెరపీకి మామూలుగా 6 నుంచి 20 సెషన్లు పడతాయని ప్రభుత్వ ఆరోగ్య సేవలు ప్రజలకిచ్చే సమాచారంలో చూశాను. మధ్యలో ఇంట్లో చేయాల్సిన సాధన కూడా ఉంటుంది. దాచుకున్న బాధ బయటికొస్తుంది కాబట్టి మొదట్లో కొందరికి టెన్షన్ పెరిగినట్టే అనిపిస్తుంది. ఆ సంగతి థెరపిస్టుకే చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కొన్ని సెషన్ల తర్వాత కూడా కుదరకపోతే వేరొకరిని చూసుకోవచ్చు. నా పోస్టు చదివి ఒక్కసారికే మానేసినవాళ్లుంటే, దయచేసి మళ్లీ వెళ్లండి.