‘ప’ గుణింతంలో పోటీ పరీక్షలు

నెల్లూరు, ఒంగోలు కోచింగ్ సెంటర్ల వీధుల్లో ఇప్పుడు జ్ఞానాన్ని అక్షరాల లెక్కన అమ్ముతున్నారు. గైడు అట్ట మీద పేద్ద ‘ప’. లోపల పెన్నా, పులికాట్, పొగాకు, పొట్టి శ్రీరాములు, ప్రకాశం పంతులు. ‘అన్నీ ఒకే అక్షరం కనక జన్మలో మరిచిపోరు’ అని ముందుమాట.

ఈ శాస్త్రానికి నియమం ఒక్కటే. ‘ప’ కానిది లోపలికి రాకూడదు. పెన్నా పుట్టింది కర్ణాటకలోని నంది కొండల్లో. నంది ‘న’, కొట్టేశారు. దారిలో సోమశిల, సంగం తగులుతాయి. రెండూ ‘స’, అవీ పోయాయి. సముద్రం కూడా ‘స’నే కాబట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించిన పెన్నమ్మ చివరికి ఎక్కడా కలవకుండా పేజీ అంచున ఆగిపోయింది.

పులికాట్ అంటే ‘దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు’, అంతే. ఆరణి, కాళంగి నదులు వానాకాలంలో మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారం గుండా సముద్రపు పోటు ఉప్పునీళ్లు తెస్తుంది. ఆ ముఖద్వారం ఇసుకతో పూడిందా, వేసవిలో నీళ్లు తగ్గి, ఉప్పు పెరిగి, చేపా రొయ్యా దొరకవు. జాలరికి అదే బతుకు. బిట్టుకు పనికిరాదు. పైగా గైడు ప్రకారం ఆ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉందట! 2022 ఏప్రిల్ 4న అది తిరుపతి జిల్లాలోకి పోయిన కబురు అచ్చాఫీసుకు అందినట్టు లేదు.

పొగాకు సంగతి మరీ ఘోరం. ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు బ్యారన్. అందులో ఆకు పసుపు తిరక్కముందే వేడి పెంచితే పచ్చ నిలిచిపోతుంది. ఈనె ఆరకముందే దించితే బేలుకు బూజు పడుతుంది. రెంటికీ వేలంలో ధర కోసేస్తారని కొండపి రైతు నిద్రలో లేపినా చెబుతాడు. గైడు చెప్పేది పొగాకు బోర్డు అడ్రసు.

ఇక పరీక్ష హాల్లో చూడాలి వైభవం. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఎవరు? పొట్టి శ్రీరాములు, ప్రకాశం పంతులు, పింగళి వెంకయ్య, పుచ్చలపల్లి సుందరయ్య. అభ్యర్థి కళ్లు మూసుకుని గైడును తలుచుకుంటాడు. ‘ప’ ప్రత్యక్షమవుతుంది. కళ్లు తెరిస్తే నాలుగు చోట్లా అదే. గుణింతం అందుకుంటాడు: ప, పా, పి... ఆహా, పింగళి! సున్నా నల్లగా దిద్దేస్తాడు. తప్పుకు మూడోవంతు మార్కు కోత. పక్క బెంచీ అమ్మాయి ‘పు’ దాకా ఓపిక పట్టి సుందరయ్యగారికి పట్టం కడుతుంది. కమ్యూనిస్టు ముఖ్యమంత్రి అప్పుడే వచ్చేశాడు. ‘ప్ర’ గుణింతంలో ఉండదు కనక పంతులుగారు వరసలో నిలబడే ఉంటారు.

బయటికొచ్చి, “ఏంది సార్, నాలుగూ ‘ప’లే గదా!” అంటే, “అబ్బయ్యా, అక్షరం కరెక్టుగా వచ్చిందా లేదా? మరి మన గైడుది తప్పేముంది?”

అకారాది పుణ్యమా అని పొగాకు పక్కనే పొట్టి శ్రీరాములు. పొగాకుకు ఆరు బిట్లు, ఆయనకు ఒకటి: దీక్ష ఎన్ని రోజులు? జవాబు 56. వేళ్లు లేవా వీళ్లకు? 1952 అక్టోబరు 19న మొదలు. ఆ నెలలో 13, నవంబరు 30, కన్నుమూసిన డిసెంబరు 15 దాకా 15. మొత్తం 58. మద్రాసులో ఒక మనిషి అన్నం మానేసి ప్రాణం వదిలితే, అందులో రెండు రోజులు వీళ్లు మింగేశారు. అడిగితే అచ్చుతప్పట! అదే మనిషి 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి తలుపులు దళితులకు తెరవాలని నిరాహారదీక్షకు కూర్చున్నారు. అది గైడులో లేనేలేదు. వేణుగోపాలస్వామి ‘వ’, దళితులు ‘ద’. ఆనాడు గుడి గడప దగ్గర ఆపారు, మీరు అట్ట దగ్గరే ఆపారు. సిగ్గులేదూ? జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్న ఊళ్లోనే కూర్చుని అమ్ముతున్నారే ఈ చెత్త!

వచ్చే నెల ‘క’ సంపుటి అట. కండలేరు జలాశయం అందులో ఉంటుంది. దానికి నీళ్లిచ్చే సోమశిల కోసం ‘స’ దాకా ఆగాలి, ఆ నీళ్లు తాగే చెన్నై ‘చ’లో వస్తుంది. ఆ లెక్కన కండలేరు ముందు చెన్నైకి నీళ్లు పంపేసి, ఆనక తీరిగ్గా సోమశిల నుంచి తెచ్చుకుంటుంది.