సవరణ: బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత షుగర్ మందులు

బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్ మీద మొన్నటి పోస్టులో 'ఆపరేషన్ అయ్యాక షుగర్ మందులు మానేయొచ్చు' అనే వాక్యం ఉంది. దాన్ని 'డాక్టరు డోసు తగ్గిస్తారు, కొందరికి ఆపేస్తారు' అని మార్చాను. తేడా చిన్నది కాదు.

గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే రకం ఆపరేషన్) తర్వాత బరువు పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ దిగడం మొదలవుతుంది. తిండేమో నాలుగు చెంచాలు. అప్పుడు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్ర పాత డోసులోనే పడితే షుగర్ మరీ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో ఆ భయం తక్కువ. అలాగని షుగర్ నార్మల్‌కి రాగానే పీడ వదిలిందనుకోవద్దు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చేవాళ్లున్నారు. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష), కంటి, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి.

మోకాళ్ల నొప్పుల మాత్రల సంగతి ఆ పోస్టులో లేదు, ఇప్పుడు చేర్చాను. బైపాస్ అయినవాళ్లు మెడికల్ షాపుకెళ్లి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తెచ్చుకుని మింగకూడదు. పొట్టకు పేగు కలిపిన చోట పుండు పడొచ్చు, రక్తస్రావం కూడా కావచ్చు. నొప్పికి పారాసిటమాల్ నయం.

బీ12 విటమిన్ జీవితాంతం వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు మధ్య కనీసం 2 గంటలు ఎడం ఉంచాలి. ఐరన్ టీతో అసలొద్దు.

ఇంకొకటి. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే 'నీరసం, ఓ గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుందాం' అని వీధి చివరి క్లినిక్‌కి వెళ్లకండి. బీ1 విటమిన్ లోపించి ఉంటే ఒట్టి గ్లూకోజ్ మెదడుకే ముప్పు తెస్తుంది. ముందు బీ1 ఇంజెక్షన్ పడాలి. చూపు రెండుగా కనపడినా, నడక తూలినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.