సవరణ: యాంటీబాడీలు ఉంటే పిల్లలు పుట్టరని రాసింది తప్పు

మగవాళ్ల రక్తంలో వీర్యకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనబడితే ఇక పిల్లలు కష్టమే, స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సిందే అని మొన్నటి పోస్టులో రాశాను. రెండూ తప్పే. మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అది చదివి, "అన్నా, రాత్రంతా నిద్ర పట్టలేదు" అని ఫోన్ చేస్తే చాలా బాధేసింది.

అసలు సంగతి ఇది. వీర్యకణాలు తయారవడం మొదలయ్యేది యుక్తవయసులో, అప్పటికే మన రోగనిరోధక వ్యవస్థ ఏది సొంతం ఏది పరాయి అని నేర్చేసుకుని ఉంటుంది, అందుకే వృషణాల్లో సెర్టోలి కణాలు గోడలా నిలబడి వాటిని రక్తానికి దూరంగా ఉంచుతాయి. దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ గోడకు గండి పడొచ్చు, అప్పుడు శరీరం వీర్యకణాలను పరాయివనుకుని వాటిమీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) తర్వాతైతే సగానికి పైగా మగవాళ్లలో ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి.

రక్తంలో ఉండటం కన్నా కణానికి అతుక్కుని ఉండటమే ముఖ్యం. అలా అతుక్కున్నాయో లేదో తేల్చేది మార్ టెస్టు. అతుక్కుని ఉంటే, మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు ఈదుతున్న కణానికి టెస్టులో కలిపిన సన్నటి పూసలు అంటుకుని దాంతోపాటే ఊగుతుంటాయి. కదిలే కణాల్లో 50 శాతానికి అలా అంటుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మాన్యువల్ హద్దుగా పెట్టింది. అది దాటినా దారి మూసుకుపోదు, మామూలుగా గర్భం వచ్చినవాళ్లూ ఉన్నారు, రాకపోతే ఇక్సీ అనే ల్యాబ్ పద్ధతిలో ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కిస్తారు.

స్టెరాయిడ్ల మాట తీసేశాను. వాటివల్ల తుంటి ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది, డాక్టర్ చెప్పకుండా దయచేసి ఎవరూ వాడొద్దు.